నోటిమాట డ్యూటీ

ఆ ఆసుపత్రి పేరు మనకెందుకు లెండి. జూబ్లీ హిల్స్ నుంచి ఫిల్మ్ నగర్ వైపు దిగే రోడ్డు మీద ఉంటుంది. ఏడంతస్తులు, రెండు గేట్లు. ఒక గేటు మామూలు జనానికి, రెండోది కార్లకి నల్లద్దాలు ఉన్నవాళ్ళకి. ఫిల్మ్ నగర్ పక్కన ఆసుపత్రి పెట్టుకున్నాక రోగం నయం చెయ్యడం ఒక్కటే తెలిస్తే చాలదు, రోగి ఎవరో బయటికి పొక్కకుండా దాచడమూ తెలియాలి. హీరోగారికి జ్వరమొస్తే ఆ జ్వరం టీవీకెక్కకూడదు. అందుకని అలాంటివాళ్ళని ఏడో అంతస్తులో వేరే పేరుతో చేర్చుకుంటారు. వాళ్ళ కోసం కింది వార్డుల నుంచి నర్సుల్ని పైకి పంపుతారు. పంపిన సంగతి డ్యూటీ రిజిస్టరులో ఎక్కడా రాయరు, ఫోన్లో చెప్పడమే. నర్సులు దానికి నోటిమాట డ్యూటీ అని పేరు పెట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా అదే పద్ధతి. ఇన్నేళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు కనుక అందులో తప్పుందని కూడా ఎవరికీ తోచలేదు.

హెలెన్‌కీ తోచలేదు. నర్సాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన ప్రేమకుమారి కూతురు హెలెన్. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇక్కడ స్టాఫ్ నర్సుగా చేరి, ఇరవై మూడేళ్ళు గొడ్డుచాకిరీ చేసి, ఐదు నెలల కిందట నర్సింగ్ సూపరింటెండెంట్ అయింది. ఆరు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. ఇంకొక్క నెల ఉంది. నూట అరవై మంది నర్సులు ఆమె చేతి కింద. ఎవరిని ఏ వార్డులో వెయ్యాలో ఆమెకు కొట్టిన పిండి. కానీ తన మనసులో నలిగేదాన్ని ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. పైవాళ్ళతో అంటే చేతకాదనుకుంటారు. కిందివాళ్ళతో అంటే లోకువైపోతాం. పెద్ద పదవి అంటే ఇంతే కాబోలు అని సరిపెట్టుకుంది.

పదకొండు రోజుల కిందట, మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఒక పెద్ద హీరోకి షూటింగులో ఎండదెబ్బ తగిలింది. 'వెంకటయ్య, వృత్తి వ్యవసాయం' అని రాసుకుని ఏడో అంతస్తులో చేర్చుకున్నారు. వెంకటయ్యగారి వెనక నాలుగు కార్లు, పదిహేను మంది మనుషులు! ఒక్క సెలైన్ సీసా ఎక్కించడానికి ముగ్గురు నర్సులు కావాలట. ఆసుపత్రి వ్యవహారాలన్నీ చూసే అరుణ్ కుమార్ ఫోన్ చేసి పురమాయించాడు. హెలెన్ వేరే వార్డుల నుంచి ఇద్దరిని పంపి, మూడో మనిషి కోసం మూడో అంతస్తులోని సర్జరీ వార్డుకి ఫోన్ చేసింది. "సోఫియా, నువ్వు పైకెళ్ళు. ఇక్కడ చిన్ని చూసుకుంటుందిలే" అంది. అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

చిన్ని ఏం చూసుకుంటుంది? వార్డులో ఇరవై రెండు మంచాలు. ఆ పిల్ల చేరి ఎనిమిది నెలలు. పద్నాలుగో మంచం మీద మల్లికార్జున్ అనే లైట్‌మ్యాన్ ఉన్నాడు. ముందు రోజే పేగు ఆపరేషన్ అయింది, గంటకోసారి బీపీ చూడాలి. ఐదింటికి చిన్ని అటు వెళ్ళబోతుండగా నాలుగో మంచం పెద్దాయనకి ఫిట్స్ వచ్చాయి. ఆయన కింద పడకుండా పట్టుకుని, డాక్టర్ని పిలిచి, ఇంజెక్షన్లు అందించి, ఆయన తేరుకునేసరికి ఆరుంబావు. అప్పుడు పద్నాలుగో మంచం దగ్గరికి పరుగెత్తింది. మల్లికార్జున్ ఒళ్ళంతా చల్లటి చెమట, పిలిస్తే పలకడం లేదు. లోపల కుట్టు ఊడి రక్తం పోతూనే ఉంది. ఐసీయూకి తీసుకెళ్ళారు. ఎనిమిదింటికి ప్రాణం పోయింది.

అతనికి రక్తం పోతున్న ఆ గంటలో భార్య శకుంతలమ్మ పక్కన లేదు. రెండు ఇడ్లీలు తిని వస్తానని మొగుడికి చెప్పి కిందికి దిగింది. అంతలో హీరో సంగతి ఎలా పొక్కిందో పొక్కింది, అభిమానులు రోడ్డు మీదికి వచ్చేశారు, సెక్యూరిటీవాళ్ళు రెండు గేట్లూ మూసేశారు. నా మొగుడు లోపలున్నడు అని ఆవిడ ఎంత మొత్తుకున్నా విన్న నాథుడు లేడు. ఏడింటికి గానీ లోపలికి రాలేకపోయింది.

ఆ రాత్రి ఐసీయూ ముందు ఆవిడ ఏడవలేదు. హెలెన్ చెయ్యి పట్టుకుని ఒక్క మాట అడిగింది. "నేనైతే లేకపోతి సిస్టరమ్మా. గప్పుడు మా ఆయన దగ్గర ఎవరున్నరు?"

హెలెన్ చేతిలో డ్యూటీ రిజిస్టరు ఉంది. అందులో సోఫియా, చిన్ని అని రెండు పేర్లున్నాయి.

"ఇద్దరు సిస్టర్లున్నారమ్మా" అంది.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. పేజీ మీద ఏముందో నోరు అదే చదివేసింది. కానీ మర్నాడు దిద్దుకోవచ్చు కదా? దిద్దుకోలేదు. ఆ మర్నాడూ దిద్దుకోలేదు. ఈలోగా విచారణ కమిటీ కూర్చుంది. రిజిస్టరు ప్రకారం వార్డులో ఇద్దరున్నారు. నువ్వెక్కడున్నావని అడిగితే సోఫియా, "వేరే పేషెంటు దగ్గర ఉన్నానండి" అంది, పాపం. ఏడో అంతస్తు మాట ఎత్తకూడదని అందరికీ తెలుసు. అది అబద్ధమూ కాదు. ఇంక మిగిలింది చిన్ని. ఆమె నిర్లక్ష్యం వల్లే ప్రాణం పోయిందనీ, ఉద్యోగం నుంచి తీసెయ్యాలనీ, నర్సింగ్ కౌన్సిల్‌కి కూడా రాయాలనీ రిపోర్టు తయారైంది. కౌన్సిల్ దాకా వెళ్తే ఆ పిల్ల ఇంకెక్కడా నర్సుగా చెయ్యలేదు. శనివారం సాయంత్రం ఐదింటిలోగా హెలెన్ దాని మీద సంతకం పెట్టాలి.

చిన్ని ఒకసారి ఆమె గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "మేడమ్, సోఫియక్కను పైకి పంపింది మీరే గదా. జర సార్లకు చెప్పుండ్రి" అంది. హెలెన్ తలెత్తకుండా "చూద్దాంలే" అంది. చూద్దాంలేనట! ఎవరి నెత్తి మీద కత్తి వేలాడుతోందో వాళ్ళతో అనే మాటేనా అది? హెలెన్‌కీ సిగ్గేసింది. ఆ రోజు నుంచి మూడో అంతస్తుకి వెళ్ళాల్సి వస్తే మెట్ల దగ్గరే ఆగిపోయి ఇంకొకరిని పంపిస్తోంది.

ఆ శనివారం ఉదయం ఆసుపత్రిలో శిక్షణ ఉంది. ఏదో గుర్తింపు పత్రం కావాలంటే మేనేజర్లందరికీ శిక్షణ ఇప్పించాలన్నారట, అందుకని ఆరు శనివారాలు పెట్టించారు. ఇది మూడోది. నేర్పడానికి వచ్చినావిడ పేరు సీతామహాలక్ష్మి. పెద్ద సర్కారు ఆసుపత్రి నడిపి రిటైరైంది. మొదటి రోజే ఆవిడ అందరికీ తన ఫోన్ నంబరు రాసిచ్చి, "రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటిదాకా నేను మీకోసమే ఖాళీగా ఉంటాను. పాఠాల గురించి కాదు. ఎవరితోనూ చెప్పుకోలేనిది ఉంటుంది చూశారా, దానికోసం" అంది. హెలెన్ ఆ నంబరు దాచుకుంది గానీ ఒక్కసారీ చెయ్యలేదు.

ఆ రోజు పాఠం, చావు కబురు ఇంటివాళ్ళకి ఎలా చెప్పాలన్నది. మామూలుగా అయితే మేనేజర్లే ఒకరు చుట్టంగా, ఒకరు మేనేజరుగా నటించి, కిసుక్కున నవ్వుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. సీతామహాలక్ష్మి అది సాగనివ్వలేదు. "ఫిల్మ్ నగర్‌లో ఉండి మీరెందుకమ్మా నటించడం" అని ఒక జూనియర్ ఆర్టిస్టుని పిలిపించింది. పేరు అనసూయమ్మ. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది, ఉండేది కృష్ణానగర్‌లో. సినిమాల్లో ఎన్ని శవాల మీద పడి ఏడ్చిందో ఆవిడకే గుర్తులేదు. వస్తూనే, "గ్లిజరిన్ తెచ్చుకోలేదండీ, అదేం అక్కర్లేదు నాకు" అని భరోసా ఇచ్చింది.

ఆవిడ చేతికి ఒక కాగితం ఇచ్చారు. గుండెనొప్పితో వార్డులో చేర్చిన తమ్ముడు చనిపోయాడు, ఆ సంగతి అక్కకి ఇంకా తెలియదు. మేనేజరు చెప్పాలి, అక్క ఏడవాలి.

ముందు రిసెప్షన్ చూసుకునే రోషన్ వెళ్ళాడు. "వెరీ సారీ అమ్మా, మీ బ్రదర్..." అని నీళ్ళు నములుతుంటే అనసూయమ్మ గుండెలు బాదుకుంటూ కుర్చీలోంచి జారి నేల మీద పడింది. రోషన్‌కి నిజంగానే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ లేచి చీర దులుపుకుని, "ఇంకో టేకు చేద్దామా?" అంది. గది గొల్లుమంది.

తర్వాత హెలెన్. ఆమెకు ఈ పని కొత్తేమీ కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నీళ్ళ గ్లాసు అందించింది. చెయ్యి పట్టుకుని, తొందర లేకుండా, "మీ తమ్ముడు ఇక లేరమ్మా. మేం చెయ్యగలిగిందంతా చేశాం" అంది. సీతామహాలక్ష్మి బాగుందన్నట్టు తలూపింది.

అనసూయమ్మ ఏడవలేదు.  కాగితంలో లేని మాట ఒకటి అడిగింది. "వాడు పోయేటప్పుడు దగ్గర ఎవరున్నారమ్మా?"

ఐసీయూ ముందు హెలెన్‌ని శకుంతలమ్మ అడిగిందీ అదే. అయినా నోరు అలవాటుగా, "ఇద్దరు సిస్టర్లున్నారమ్మా" అనేసింది.

"వాళ్ళ పేర్లేంటి?"

  అనసూయమ్మ హెలెన్ చెయ్యి వదల్లేదు, అలాగే చూస్తూ కూర్చుంది. ఆ చూపు ముందు హెలెన్ ఇంక నిలవలేకపోయింది.

"ఒక్కతే" అంది. "ఒక్కతే ఉందమ్మా. రెండో అమ్మాయిని నేనే తీసేశాను. నేనే పంపేశాను పైకి."

రోషన్ నవ్వబోయి ఆగిపోయాడు. ఇది పాఠం కాదని అందరికీ అర్థమైంది. సీతామహాలక్ష్మి లేచి, "అందరూ టీ తాగి రండి" అంది. అనసూయమ్మ తప్ప అందరూ బయటికి వెళ్ళిపోయారు.

అనసూయమ్మ హడలిపోయింది. "పాడు నోరు నాది. కాగితంలో లేని ముక్క ఎందుకడిగానో ఏంటో! మా ఆయన ఆసుపత్రిలో పోయిన రోజున నేను సెట్లో ఎవరి శవం మీదో పడి ఏడుస్తున్నానండీ. తీరా వెళ్ళాక నాకు ఏడుపే రాలేదు. దగ్గర ఎవరున్నారు, మంచినీళ్ళేమైనా అడిగాడా, అదొక్కటే తెలుసుకోవాలనిపించింది. ఎవర్నడిగినా డ్యూటీ మారిపోయిందమ్మా అన్నారు. పద్నాలుగేళ్ళయింది, ఇప్పటికీ తెలీదు" అంది. హెలెన్ భుజం నిమిరి, టీకి వెళ్ళింది.

ఇద్దరే మిగిలాక హెలెన్ మొత్తం చెప్పేసింది. పదకొండు రోజులు గొంతులో ముల్లులా గుచ్చుకున్నదంతా చెప్పుకుని, చివరికి, "మీరే చెప్పండి మేడమ్, నన్నేం చెయ్యమంటారు?" అని అడిగింది.

"చెప్పను" అంది సీతామహాలక్ష్మి. "నేను చెబితే రేపు ఏదైనా అయినప్పుడు ఆవిడ చెప్పింది కదా అనుకుంటావు. అది నీకు మంచిది కాదు." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేనూ ఒకసారి ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టానమ్మా. కాంపౌండరు ఒకాయన ఉద్యోగం పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ రోజు నా పక్కన ఇలా కూర్చునే మనిషి ఒక్కరున్నా పెట్టేదాన్ని కాదేమో. అందుకే ఈ శనివారాలు పట్టుకు తిరుగుతున్నాను. నువ్వేం చేసినా సరే, నేను కూర్చుంటాను. ఆ అరుణ్ కుమార్ గదిలోకి తోడు రమ్మంటే వస్తాను."

హెలెన్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. కింద నల్లద్దాల కారు ఒకటి రెండో గేటు లోపలికి వస్తోంది.

"నేనే వెళ్తాను మేడమ్. మీరు బయట ఉంటే చాలు" అంది.

అరుణ్ కుమార్ దుర్మార్గుడేమీ కాదు. అతని నెత్తి మీదా ఎవరో ఒకరున్నారు. ఆమె మాట విని కణతలు నొక్కుకుని, "హెలెన్, ప్రాక్టికల్‌గా ఆలోచించండి. సెవెంత్ ఫ్లోర్ మాట పేపర్ మీదికి ఎలా వస్తుంది? వాళ్ళు మనల్ని నమ్మి వస్తున్నారు" అన్నాడు.

"హీరోగారి పేరు రాయను సార్. జబ్బూ రాయను. నా పేరే రాస్తాను."

"చిన్నికి ఇరవై నాలుగేళ్ళు. ఎలాగో ఇంకో దారి చూసుకుంటుంది. మీకు నలభై ఏడు. ఇంకో నెలలో మీ పోస్ట్ కన్ఫర్మ్ అవుతుంది. ఇది రాస్తే అవదు. మీరు ఇక్కడ ఉంటారో లేదో కూడా నేను చెప్పలేను."

"తెలుసు సార్."

తెలుసు అంది గానీ ఏడుపొచ్చింది. రాదూ మరి? ఇరవై మూడేళ్ళు. ఎన్ని క్రిస్మస్‌లు వార్డులోనే గడిచాయో, ఎన్నిసార్లు జ్వరంతో డ్యూటీకి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ముక్కు చీదుకుని రిపోర్టు ముందుకు లాక్కుంది. సంతకం పెట్టాల్సిన చోట పెట్టలేదు. కింద ఖాళీ ఉన్నచోట రాసింది.

'ఆ మంగళవారం సాయంత్రం నాలుగుంబావుకి స్టాఫ్ నర్సు సోఫియాను సర్జరీ వార్డు నుంచి వేరే చోటికి పంపింది నేను. నోటిమాటగా పంపాను, రిజిస్టరులో రాయలేదు. ఇరవై రెండు మంచాలకి చిన్ని ఒక్కతే మిగిలింది. వార్డులో ఇద్దరున్నారని మల్లికార్జున్‌గారి భార్యకి చెప్పిందీ నేనే. అది నిజం కాదు.'

దాని కింద సంతకం పెట్టింది. అరుణ్ కుమార్ రెండుసార్లు చదివాడు. "సోమవారం బోర్డు చూస్తుంది" అని మాత్రం అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

బయట బెంచీ మీద సీతామహాలక్ష్మి కూర్చునే ఉంది. హెలెన్ పక్కన చతికిలబడి, "ఇంకొకరికి చెప్పాలి మేడమ్" అంది.

"వెళ్ళు మరి" అంది ఆవిడ.

స్టూడియో గోడ వెనక బస్తీలో శకుంతలమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. లైట్‌మ్యాన్ మల్లికార్జున్ ఇల్లంటే అడిగిన మొదటివాళ్ళే చూపించారు. ఒకటే గది. గోడకి ఫోటో, దానికి దండ, ఫోటో కింద బల్ల మీద వేడి లైట్లు పట్టుకునే మందపాటి చేతి తొడుగులు జత. నిన్ననే పదకొండో రోజు అయింది. శకుంతలమ్మ చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గుమ్మంలో ఉన్నది ఎవరో చూసి చేట పక్కన పెట్టింది.

హెలెన్ నిలబడే చెప్పింది. "ఆ రోజు మీరు నన్నొక మాట అడిగారమ్మా. ఇద్దరున్నారని చెప్పాను. ఇద్దరు లేరు. ఒక్క అమ్మాయే ఉంది. రెండో అమ్మాయిని నేనే వేరే చోటికి పంపాను. ఆ ఉన్న ఒక్క పిల్లా అప్పుడు ఫిట్స్ వచ్చిన పెద్దాయన్ని పట్టుకుని ఉంది. మీ ఆయన దగ్గరికి ఆరుంబావు దాకా రాలేకపోయింది. తప్పు ఆ పిల్లది కాదు, నాది. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు."

తిడుతుందనుకుంది. కొట్టినా పడదామనే వచ్చింది. శకుంతలమ్మ చేటలో బియ్యం వంక చూస్తూ, "అయితే గప్పుడు ఆయన దగ్గర ఎవ్వలు లేరన్నట్టు" అంది.

"లేరమ్మా."

"గట్లనా." బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఇద్దరున్నరు, గా ఇద్దర్ల చిన్న పిల్లనే సూడకుంట ఒదిలేసిందని మీ దవాఖానోళ్ళు చెప్పిండ్రు. గా దినం నుంచి పొద్దుగాల లేస్తనే గా పిల్లను తిడుతున్న సిస్టరమ్మా. నీ చేతులు పడిపోను, నీ ఇల్లు కూలిపోను అని. దేవుని ముంగట దీపం పెట్టి మరీ తిట్టిన. నిన్న పదకొండో దినం గూడ తిట్టిన."  "గా మాటలన్నీ ఇప్పుడు నేనెట్ల ఎనకకు తీసుకోవాలె? చెప్పు. నువ్వు గా దినమే జెప్తే అయిపోతుండె గదా."

హెలెన్‌కి ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

శకుంతలమ్మ చెయ్యి చాపింది. "గా పిల్లకు ఫోన్ కలుపు."

హెలెన్ కలిపింది. రెండు రింగులకే ఎత్తి, "మేడమ్?" అంది చిన్ని. ఆ ఒక్క మాటలోనే ఎంత భయం! హెలెన్ ఏమీ అనకుండా ఫోన్ శకుంతలమ్మ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకుంది.

"బిడ్డా" అంది. "నేను పద్నాలుగో మంచమాయన పెండ్లాన్ని."

అంతే అనగలిగింది. పదకొండు రోజులుగా రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఫోన్లో అవతల నుంచి కూడా ఏడుపే వినిపించింది. హెలెన్‌ని ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.